వాటర్ ఫండ్ సమీక్ష: పూడికకు మంచి మందే, కరువుకు మాత్రం చూసి కొనాలి

నగరానికి నీళ్లిచ్చే సంస్థ, జలవిద్యుత్ కేంద్రం, సీసా నీళ్ల కంపెనీ, ఇలా దిగువన నీళ్లు వాడుకునేవాళ్లు తలా కొంత వేసుకుని ఎగువన అడవినీ, గడ్డినేలనీ, సాగుభూమినీ కాపాడించే ఏర్పాటే వాటర్ ఫండ్. చేరేవాళ్లకు ఇందులో దక్కేవి మూడు: డబ్బును భద్రంగా ఉంచే ట్రస్టు, క్షేత్రంలో పని చేయించే సాంకేతిక బృందం, ఫలితాన్ని కొలిచే పద్ధతి. మొదటిది బాగా కుదిరిన నమూనాలున్నాయి, రెండోది మనుషులను బట్టి ఉంటుంది. మూడోదే ఎక్కువగా నాసిరకం.

ట్రస్టు విషయంలో చూడదగ్గ నమూనా ఈక్వడార్ రాజధాని కీటోలోని ఫోనాగ్ అనే నిధి. 2000లో 21 వేల డాలర్లతో, 80 ఏళ్ల గడువుతో మొదలైంది. నగర నీటి సంస్థ తన అమ్మకాల్లో 2 శాతం ఇందులో జమ చేయాలని మునిసిపల్ ఆర్డినెన్సే చెబుతోంది కాబట్టి మేయరు మారినా డబ్బు ఆగదు. కేవలం కంపెనీల విరాళాల మీద నడిచే నిధిలో ఈ భరోసా ఉండదు. ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. అసలు కరగకుండా ఏడాదికి 4 శాతమే ఖర్చు పెడితే, కోటి డాలర్ల మూలనిధి నుంచి చేతికొచ్చేది 4 లక్షలే. భారీ పనులన్నీ మొదటి ఐదారేళ్లలోనే పడతాయి. అందుకని మూలనిధితో పాటు, ఖర్చయిపోయే నిధి విడిగా ఉందా అని అడగాలి. లేకపోతే పని నత్తనడకే.

ఈ నిధుల్లో చేరమని అమ్మేవాళ్లు తప్పకుండా చూపించేది న్యూయార్క్ ఉదాహరణ. 600 నుంచి 800 కోట్ల డాలర్లవుతుందనుకున్న వడపోత కేంద్రం కట్టే బదులు, 1997 ఒప్పందంతో క్యాట్‌స్కిల్, డెలావేర్ పరీవాహక ప్రాంతాలను కాపాడుకున్నారు. నిజమే. కానీ అక్కడి నీరు ముందే శుభ్రంగా ఉంది, పరీవాహకంలో చాలాభాగం అడవే, పైగా వడపోత నుంచి చట్టపరమైన మినహాయింపు దొరికింది. శుద్ధి కేంద్రం ఇప్పటికే ఉన్న నగరానికి ఆ స్థాయి ఆదా రాదు. మిగిలేదల్లా పటిక, ఫిల్టర్లు కడిగే నీళ్లు, కరెంటు, బురద తరలింపు, జలాశయం పూడిక తీత. మీ లెక్క వీటితోనే వేయండి.

కెన్యాలో నైరోబీకి నీళ్లిచ్చే ఎగువ తానా పరీవాహకానికి 2015లో మొదలైన నిధి అంచనా ఇంకాస్త నిజాయితీగా ఉంది: కోటి డాలర్లు పెడితే 30 ఏళ్లలో 2.15 కోట్లు. ఆ లాభంలో పెద్ద వాటా రైతుల పంట దిగుబడిది. నీటి సంస్థ ఒక్కటే ఖర్చంతా భరిస్తే దానికి గిట్టకపోవచ్చు. ఎవరికి ఎంత లాభమో విడదీసి చూపని నివేదిక మీద సంతకం పెట్టకండి.

పూడిక తగ్గించడంలో ఈ సేవకు మంచి మార్కులే వేయవచ్చు. పరీవాహకమంతా సమానంగా మట్టి వదలదు. నిటారు చెలకలు, కోసుకుపోయే వాగు ఒడ్లు, పక్క కాలువలు లేని మట్టి రోడ్లు, ఈ కొద్ది చోట్ల నుంచే ఎక్కువ బురద వస్తుంది. మట్టి రోడ్డు పక్కన తూము వేస్తే ఫొటోకు అందం ఉండదు, అందుకే చాలా ప్రణాళికల్లో దానికి చోటుండదు. అది ఉంటే బృందానికి పని తెలుసన్నమాట. గండ్లలో వేసే రాతి అడ్డుకట్టలు కూడా చూడండి. మధ్యలో అంచు పల్లంగా ఉండాలి, రెండు చివర్లూ ఒడ్డులోకి అర మీటరైనా చొచ్చుకుపోవాలి, కింది కట్ట తల పై కట్ట పాదం మట్టానికి రావాలి. అంచు సమంగా కడితే నీళ్లు పక్క నుంచి దారి చేసుకుని ఒడ్డునే కోసేస్తాయి, కట్టకముందుకన్నా ఎక్కువ మట్టి పోతుంది.

నీటి పరిమాణం దగ్గరే మాయమాటలు ఎక్కువ. చెట్లు నాటితే వాగులో నీళ్లు పెరుగుతాయన్నది చాలాచోట్ల తప్పు. గడ్డినేలలో చెట్లు నాటితే అవి తాగేది పోను ప్రవాహం తగ్గుతుంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నిధి సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తోంది. బయటి నుంచి వచ్చిన పైన్, అకేసియా, యూకలిప్టస్ ఏడాదికి 5,500 కోట్ల లీటర్లు తాగేస్తున్నాయని 2018లో లెక్కగట్టి, 37.2 కోట్ల ర్యాండ్లతో వాటిని నరికితే ఐదేళ్లలో ఏటా 5,000 కోట్ల లీటర్లు తిరిగొస్తాయని అంచనా వేశారు. అయితే ఒకసారి నరికి వదిలేస్తే డబ్బు బూడిదే. అకేసియా గింజలు నేలలో దశాబ్దాలు బతుకుతాయి, మంట తగిలితే ఒక్కసారిగా మొలుస్తాయి. మళ్లీ మళ్లీ పీకడానికి ఏళ్ల తరబడి డబ్బు కేటాయించారా అన్నదే అసలు ప్రశ్న. నరికిన కొమ్మలు వాగులోనే వదిలేస్తే వరదకు వంతెనల కింద ఇరుక్కుంటాయి.

ఇంకించే పనులకూ హద్దుంది. పెరూ కొండల్లో ఇంకా సామ్రాజ్యం కన్నా పాత కాలువలు వానాకాలపు నీటిని వాలుల్లోకి ఇంకిస్తాయి. అక్కడి వామంతంగ అనే ఊళ్లో కొలిస్తే ఆ నీరు సగటున 45 రోజులకు ఊటల్లో పైకి వచ్చింది. ఎండాకాలం మొదట్లో అది ఆదుకుంటుంది. ఏడాదంతా సాగే కరువును గట్టెక్కించదు. భారీ వరద విషయమూ అంతే. నేల ఒకసారి నిండాక అడవైనా బీడైనా నీళ్లు కిందికే పోతాయి.

ఇక కొలత. నెలకో సీసా నీళ్లు పట్టి పరీక్ష చేస్తే తెలిసేది సున్నా. ఏడాది బురదలో సింహభాగం కొద్ది తుఫాను రోజుల్లోనే వచ్చేస్తుంది. నీళ్లు తీసుకునే చోట పావుగంటకోసారి టర్బిడిటీ, అంటే నీటి మురికిదనం, నమోదు చేసే సెన్సరు, వాన మొదలైతే దానంతటదే నమూనా పట్టే యంత్రం, పోల్చడానికి ఏ పనులూ చేపట్టని పక్క వాగు, ఈ మూడూ కావాలి. పనికి ముందు కనీసం రెండు మూడు వానాకాలాల రికార్డు ఉండాలి. లేకుంటే ఫలితమా, వాన తక్కువైందా అన్నది ఎవరూ తేల్చలేరు. సెన్సరు కటకాన్ని పాచి కప్పేస్తుంది కనుక తుడిచే మనిషి జీతం కూడా బడ్జెట్‌లో ఉండాలి. వాగు అడుగున పేరుకున్న పాత మట్టి కొన్నేళ్లు వస్తూనే ఉంటుంది. భూగర్భ జలంలో నైట్రేటయితే దశాబ్దాలు పట్టవచ్చు. మూడో ఏట ఫలితం చూపిస్తామనే అమ్మకందారును నమ్మకండి.

ఎగువ రైతులతో ఒప్పందం నగదుతోనే ముడిపడనక్కర్లేదు. బొలీవియాలోని లాస్ నెగ్రోస్‌లో 2003 నుంచి, 10 హెక్టార్ల అడవిని కాపాడినందుకు ఏడాదికి ఒక తేనెపెట్టె చొప్పున ఇచ్చారు. కంచె వేస్తే పశువులకు నీటి తొట్టి వేరేచోట కట్టించాలి. కట్టించకపోతే మంద పక్క వాగులో దిగుతుంది, బురద చోటు మారుతుందంతే.

పూడిక, టర్బిడిటీ ఖర్చు మోస్తున్న నీటి సంస్థలకూ, పరీవాహకంలో నీళ్లు మింగే చెట్లు కమ్ముకున్న నగరాలకూ ఇది కొనదగ్గ సేవ. లీకులతో మూడో వంతు నీళ్లు పోగొట్టుకుంటున్న సంస్థ మాత్రం ముందు పైపులు బాగుచేయించుకోవడం మేలు. చేరేవాళ్లు ఒప్పందంలో రాయించాల్సిన షరతు ఒకటుంది: ఏటా ఖర్చులో కనీసం పదో వంతు కొలతలకు, నాలుగో వంతు పాత పనుల నిర్వహణకు పోవాలి, ముడి కొలతలన్నీ సభ్యులకు అందాలి. దీనికి ఒప్పుకోని నిధిలో డబ్బు పెట్టకండి.