సిలిండర్ ఎక్కువున్న కండ్లకు ఏ కాంటాక్ట్ లెన్స్? ఏండ్లు వాడినాక చెప్తున్నా

నా కుడికంటి చీటీ: స్ఫియర్ (మామూలు పవర్) మైనస్ 2.00, సిలిండర్ (కంటి వంకరను సరిచేసే పవర్) మైనస్ 3.75, యాక్సిస్ (ఆ సిలిండర్ ఉండాల్సిన కోణం) 10. ఇంత సిలిండర్‌కు అనంతపురంలో లెన్స్ అడిగితే ముందు వినపడేది "స్టాకు లేదు" అనే. రెడీగా దొరికే సాఫ్ట్ టోరిక్‌లు (సిలిండర్ పవర్ ఉన్న మెత్తటి లెన్స్‌లు) చాలావరకు 2.25 దగ్గరో, 2.75 దగ్గరో ఆగిపోతాయి. ఒక షాపులో సిలిండర్ తీసేసి మామూలు పవరే కాస్త పెంచి ఇస్తామన్నారు. 0.75 ఉన్నవాళ్లకైతే అది నడుస్తుంది, మనకు నడవదు.

ఆర్డరిచ్చి తెప్పించుకున్న సాఫ్ట్ టోరిక్ చాలాకాలం వాడినాను. కండ్లద్దాల్లో 3.75 ఉన్న సిలిండర్ కంటి మీదికొచ్చేసరికి 3.50 అయింది, చీటీలో పవర్ ఉన్నదున్నట్టు దించేయకూడదు. కంట్లో ఉన్న సంగతే తెలియనంత హాయి. తంటా అంతా అది తిరగడంతోనే. 10 డిగ్రీలు పక్కకు జరిగిందంటే సిలిండర్‌లో మూడో వంతు సరికాకుండా మిగిలిపోతుంది. 3.50లో మూడో వంతంటే ఒకటికి పైనే! రాత్రిపూట బెంగళూరు హైవే మీద ఎదురొచ్చే లారీ లైట్లు గీతలుగా సాగేవి, రెప్ప కొడితే సర్దుకునేవి, మళ్లీ సాగేవి.

ఇప్పుడు వాడేది సెమీ సాఫ్ట్, అదే ఆర్‌జీపీ, అంటే గాలి ఆడే గట్టి లెన్స్. లెన్స్ కింద నిలిచే కన్నీటి పొర కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) వంకరను పూడ్చేస్తుంది. బస్సు బోర్డు మీద ఒత్తులు కూడా విడివిడిగా కనిపిస్తాయి. కండ్లద్దాల్లోనూ అంత తేటగా ఎప్పుడూ చూడలేదు. అయితే వంకర మరీ ఎక్కువుంటే మామూలు ఆర్‌జీపీ కార్నియా మీద ఊగుతుంది. ముందూ వెనకా టోరిక్‌గా చేసిన బైటోరిక్ కావాలి, నాది అదే. సిలిండర్ కార్నియాది కాక కంటి లోపల సహజంగా ఉండే లెన్స్‌దైతే మామూలు ఆర్‌జీపీ దాన్ని సరిచెయ్యదు. అందుకే కార్నియా టోపోగ్రఫీ (కార్నియా వంపులను పటంలా తీసే పరీక్ష) చెయ్యకుండా లెన్స్ రాసిచ్చే చోట తీసుకోవద్దండి. కెరటోకోనస్ (కార్నియా పలచబడి శంకులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) ఉంటే అందులోనే బయటపడుతుంది. సిలిండర్ ఏటేటా పెరుగుతున్న పిల్లలకైతే ఆ పరీక్ష తప్పనిసరి.

కష్టాలూ ఉన్నాయి. మొదట్లో కొన్ని వారాలు రెప్ప కొట్టినప్పుడల్లా గీసుకుంటుంది. మా ఊరి ఎండాకాలం గాలికి ఒక్క దుమ్ము రేణువు కిందికి దూరినా కన్ను భగ్గుమంటుంది, బండి పక్కకు ఆపాల్సిందే. పవర్ లేని అద్దాలు పెట్టుకోనిదే నేను బండి తీయను. లెన్స్‌ను కుళాయి నీళ్లతో, బోరు నీళ్లతో అస్సలు కడగొద్దు. అందులో అకంతమీబా అనే సూక్ష్మజీవి ఉంటే కార్నియా పాడై చూపే పోవచ్చు. సొల్యూషన్ ఖరీదైనా అదే వాడండి.

రోజంతా దుమ్ములో పనిచేసేవాళ్లు స్క్లీరల్ లెన్స్ గురించి డాక్టరును అడగండి. అది తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది కాబట్టి దుమ్ము అంత సులువుగా లోపలికి పోదు. ధర మాత్రం బాగా ఎక్కువ.