డీవీడీ కవర్‌కి ఫోటోషాప్ మంచిదా, జింప్ మంచిదా?

వ్యాయామం, పోషకాహారం మీద చేసిన డీవీడీకి కవర్ వేయాలంటే ముందు కొలతలు సరిచూసుకోవాలి. మామూలు కేసుకి వెనక, ముందు, మధ్యలో 14 మి.మీ. వెన్నుపట్టీ కలిపి 273 × 183 మి.మీ. దీనికి చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదిలి, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఫైలు తెరవాలి. ఫోటోషాప్, జింప్ అనే ఈ రెండు ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలోనూ ఈ పని ఒకటే.

తేడా రంగుల దగ్గర మొదలవుతుంది. స్క్రీన్ మీద నిగనిగలాడే పాలకూర, పచ్చిమిర్చి ఆకుపచ్చలు ప్రింటులో వాడిపోయినట్టు కనిపిస్తాయి. ఎందుకంటే స్క్రీన్ వాడే ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) ఉన్న ఆ పచ్చదనం ప్రింటులో వాడే సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) సిరాలకి అందదు. ఫోటోషాప్‌లో నేరుగా సీఎంవైకేలోనే పని చేసుకోవచ్చు. జింప్‌లో ఎడిటింగ్ అంతా ఆర్‌జీబీలోనే. సాఫ్ట్ ప్రూఫ్ అనే సదుపాయంతో ప్రింటు రంగు స్క్రీన్ మీదే ముందుగా చూసుకునే వీలు మాత్రం ఉంది. ఎక్కువ కాపీలు వేసే ఆఫ్‌సెట్ ప్రెస్‌కి ఇచ్చే పనైతే ఫోటోషాప్‌తో టెన్షన్ తక్కువ.

తెలుగు టైటిల్ దగ్గర మాత్రం పాత ఫోటోషాప్ కంటే జింప్‌దే పైచేయి. యూనికోడ్ ఫాంటుతో టైప్ చేస్తే 'వ్యాయామం' వత్తులతో సహా సరిగ్గా పడుతుంది. ఫోటోషాప్ పాత వెర్షన్లలో భారతీయ లిపుల కోసం ఉన్న వరల్డ్ రెడీ లేఅవుట్ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే అక్షరాలు విడిపోవచ్చు.

ఖర్చు సంగతి తెలిసిందే: జింప్ ఉచితం, ఫోటోషాప్‌కి చందా కట్టాలి.

ఏది వాడినా ఫోటోలో ఆకారాన్ని సాగదీసి మార్చే లిక్విఫై లాంటి పరికరంతో కవర్ మీది మనిషి నడుము సన్నం చేయకండి, అది కొనేవాళ్లను మోసం చేయడమే. పది కాపీలు ఇంటి ప్రింటర్‌లో తీసుకునేవారికి జింప్ చాలు.