నాలుగు జెడ్‌లు కొట్టి చూడండి: పదాలు వెతికే యాప్‌తో నాలుగేళ్లు

ఇచ్చిన అక్షరాలన్నీ ఉన్న ఇంగ్లిష్ పదాలను వెతికిపెట్టే యాప్‌లకు కొదవ లేదు. ఈ ఒక్కదాన్నే నాలుగేళ్లుగా పట్టుకుని ఉండటానికి కారణం ఒక్కటే. 'ఇవి ఉండాలి' అనే బాక్స్‌లో ఒక అక్షరాన్ని రెండుసార్లు కొడితే, అది కనీసం రెండుసార్లు వచ్చే పదాలనే చూపిస్తుంది. వినడానికి చిన్న సంగతే. కానీ చాలా యాప్‌లు బోల్తా పడేది ఇక్కడే. ఓ, ఓ, కె, కె, ఇ, ఇ అని కొట్టినా వాటికి ఓ, కె, ఇ అనే మూడక్షరాలే కనిపిస్తాయి. 'టోకెన్', 'స్మోక్', 'బ్రోకెన్' అన్నీ కుప్పగా వచ్చి పడతాయి. మనకు కావలసిన 'బుక్‌కీపర్' ఆ కుప్పలో ఎక్కడో ఉంటుంది.

అలా ఎందుకు జరుగుతుందంటే, ఇంగ్లిష్ అక్షరాలు 26. అక్షరానికో బిట్ (0 లేదా 1 పట్టే చోటు) కేటాయిస్తే ఏ పదమైనా ఒక 32 బిట్ల సంఖ్యలో ఇమిడిపోతుంది. మనం అడిగిన అక్షరాలతో అలాగే కట్టిన సంఖ్యతో దాన్ని పోల్చడం కంప్యూటర్‌కు ఒక్క అడుగు పని. కానీ బిట్‌కు తెలిసేది 'ఉంది', 'లేదు' అన్నంతవరకే. ఎన్నిసార్లు ఉందో దానికి పట్టదు. 'పొజెస్' (possess) అనే పదంలోని నాలుగు ఎస్‌లూ ఒకే బిట్‌లో కలిసిపోతాయి. లెక్క నిలవాలంటే ప్రతి పదానికీ 26 అంకెల పట్టీ ఉంచుకోవాలి. లేదంటే అక్షరానికో ప్రధాన సంఖ్య చొప్పున 2 నుంచి 101 వరకు ఇచ్చి, పదాన్ని వాటి గుణకార లబ్ధంగా రాసుకోవాలి. అడిగిన అక్షరాల లబ్ధంతో శేషం లేకుండా భాగించగలిగితే ఆ పదం పనికొచ్చినట్టే. ఈ రెండోది చూడముచ్చటైన పద్ధతే గానీ, పొడవాటి పదాల దగ్గర లబ్ధం 64 బిట్లలో పట్టదు.

ఈ యాప్ మొదటి మూడేళ్లూ ఆ లెక్కను తప్పకుండా చేసింది. తర్వాత వేగం పెంచామంటూ ఒక అప్‌డేట్ వచ్చింది. వేగం నిజంగానే పెరిగింది. కానీ నాలుగు జెడ్‌లు కొడితే ఒక్క పదమూ రాలేదు. 'పిజాజ్' ఏమైంది? దాని స్పెల్లింగ్ పి, ఐ, జెడ్, జెడ్, ఏ, జెడ్, జెడ్. 'రాజ్మటాజ్'లోనూ నాలుగు జెడ్‌లే. పదాన్ని పూర్తిగా కొట్టి వెతికితే రెండూ దొరుకుతున్నాయి కాబట్టి పదాల జాబితాలో లోపం లేదు. నాలుగు ఎస్‌లు కొడితే అసలు సంగతి బయటపడింది. 'యాబ్సెసెస్' (abscesses) వచ్చింది, 'అసెస్' (assess) రాలేదు, 'పొజెస్' రాలేదు. వచ్చినవన్నీ 'ఏ' (A) అక్షరంతో, అందులోనూ తొలి పేజీల్లో ఉండే పదాలే.

అంటే, ముందు బిట్ల పద్ధతిలో ఎస్ ఉన్న పదాలన్నిటినీ తీసి, అకారాది వరసలో మొదటి 500 దగ్గర కోసేసి, ఆ 500లో మాత్రమే ఎస్‌లు లెక్కపెడుతోంది. బహువచనాల వల్ల ఎస్ ఉన్న పదాలు వేలకు వేలు ఉంటాయి. ఆ 500 'ఏ' (A) అక్షరం దాటకముందే నిండిపోతాయి. లెక్క ముందు, కోత తర్వాత ఉండాలి. ఇక్కడ తలకిందులైంది. జాబితాను కత్తిరించామని ఒక్క మాటైనా తెరమీద లేకపోవడమే నాకు మింగుడుపడనిది. వెతికేవాడు 'కనబడలేదు' అన్నదాన్ని 'లేదు' అనుకుని ముందుకు వెళ్లిపోతాడు.

తర్వాత ఆ హద్దును 20,000కి పెంచారు. జెడ్ బాధ తీరింది, 'అసెస్' వస్తోంది. 'పొజెస్' మాత్రం ఇప్పటికీ రాదు, ఎందుకంటే మార్చింది అంకెనే, వరసను కాదు. దీనికి విరుగుడు ఉంది. పదం పొడవు, మొదటి అక్షరం అనే రెండు వడపోతలు కోతకు ముందే పనిచేస్తాయి. మొదటి అక్షరం పి, పొడవు 7 ఇచ్చి నాలుగు ఎస్‌లు కొడితే 'పొజెస్' వెంటనే ప్రత్యక్షమవుతుంది. మొదటి అక్షరం తెలియకపోతే ఏ నుంచి జెడ్ దాకా 26 సార్లు వెతకాల్సిందే. అరుదైన అక్షరం ఒక్కటి తోడైనా ఈ శ్రమ ఉండదు. జే, క్యూ కలిపి కొడితే 'జాంక్విల్', 'జాకార్డ్' వంటి కొద్ది పదాలే మిగులుతాయి, కోత వాటి దాకా రాదు.

ఇంకో లోటు వర్డల్ ఆడేవాళ్లకు తెలుస్తుంది. దాచిన పదాన్ని ఊహించే ఆట అది; మనం వేసిన అక్షరం జవాబులో వేరే చోట ఉంటే పసుపు, లేకపోతే బూడిద రంగు చూపిస్తుంది. రెండు ఇ-లున్న పదం వేసినప్పుడు ఒకటి పసుపు, మరొకటి బూడిద రంగు వస్తే, జవాబులో ఇ ఒక్కటే ఉందని అర్థం. ఈ యాప్‌లో 'కనీసం ఇన్ని' అని చెప్పొచ్చు గానీ 'ఇంతకు మించకూడదు' అని చెప్పే వీలు లేదు. 'ఉండకూడదు' బాక్స్‌లో ఇ కొడితే అసలు జవాబే ఎగిరిపోతుంది. పైన మెచ్చుకున్న లెక్క ఒకవైపే పనిచేస్తుందన్నమాట. ఆ పనికి కంప్యూటర్‌లో పదాల ఫైలు పెట్టుకుని గ్రెప్ (ఫైల్లో ఒక నమూనాకు సరిపోయే వరుసలను వెతికే కమాండ్) వాడటం మేలు. ఇ, చుక్క, నక్షత్రం గుర్తు, మళ్లీ ఇ అని రాసి, దానికి సరిపోయే వరుసలను తీసేయమంటే రెండు ఇ-లున్నవన్నీ పోతాయి. ఇ ఉన్న వరుసలనే ఉంచే ఇంకో గ్రెప్‌ను పైపుతో (మొదటిదాని ఫలితాన్ని రెండోదానికి అందించే గుర్తుతో) తగిలిస్తే సరిగ్గా ఒకే ఇ ఉన్నవి మిగులుతాయి.

స్క్రాబుల్ ఆడేవాళ్లకు ఈ బాక్స్‌తో పెద్ద పని పడదు. వాళ్లకు కావలసింది చేతిలోని ఏడు అక్షరాలతో కుదిరే పదాలు, అది వేరే వెతుకులాట. ఇంగ్లిష్ సెట్‌లో జెడ్ బిళ్ల ఒక్కటే, ఖాళీ బిళ్లలు రెండే. కాబట్టి 'పిజాజ్'ను బోర్డు మీద పేర్చడం ఎలాగూ కుదరదు.

నా వాడకం చాలావరకు పదాల పజిళ్లు కూర్చడానికి. జంట అక్షరాల పదాలు రోజూ కావాలి, మొదటి అక్షరం దాదాపు ఎప్పుడూ ముందే తెలిసి ఉంటుంది. అందుకే ఆ కోత నన్ను అరుదుగా ఇబ్బంది పెడుతుంది, యాప్‌ను తీసేయాలనిపించలేదు. మొదటి అక్షరం తెలియకుండా వెతికే పనే ఎక్కువైతే మాత్రం, డబ్బు కట్టే ముందు నాలుగు ఎస్‌లు కొట్టి 'పొజెస్' వస్తుందేమో చూసుకోండి.