జకాత్, సదఖా: ముందు దేనికి ఇవ్వాలి?

జకాత్ అంటే స్తోమత ఉన్న ముస్లింలు ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం, సదఖా అంటే ఇష్టంతో ఇచ్చేది. జకాత్ బాకీ ఉన్నవారికి ముందు జకాతే మేలు. ఏడాది పొడవునా అడిగినవారికల్లా ఎంతో కొంత ఇచ్చి, ‘మా జకాత్ అందులోనే తీరిపోయింది’ అనుకునేవారు చాలామంది ఉన్నారు. అలా తీరదు. జకాత్‌కు నియ్యత్ షరతు. డబ్బు చేతికిచ్చేటప్పుడో, విడిగా తీసిపెట్టేటప్పుడో ‘ఇది జకాత్’ అని మనసులో సంకల్పించాలి. సదఖాగా ఇచ్చి, తీసుకున్నవారు ఖర్చుపెట్టేశాక దాన్ని జకాత్ ఖాతాలో రాసుకోవడం కుదరదు. నెలనెలా ఇవ్వడమే అలవాటైతే, నిసాబ్ (జకాత్ తప్పనిసరయ్యే కనీస సంపద) ఉన్నవారు జకాత్ నియ్యత్‌తోనే ముందుగా ఇస్తూ పోయి, ఏడాది చివర లెక్క సరిచూసుకోవచ్చు. ఎక్కువమంది పండితులు దీన్ని అనుమతించారు.

సదఖాకు పరిమితి లేదు, గడువు లేదు. ఖర్జూరంలో సగం ముక్కయినా సదఖాయే. జకాత్ అలా కాదు, దానిది లెక్క. బంగారం 20 మిస్ఖాల్‌లు, వెండి 200 దిర్హమ్‌లు నిసాబ్. నేటి తూకంలో సుమారు 85 గ్రాములు, 595 గ్రాములు. హనఫీలలో (సున్నీల నాలుగు మజ్‌హబ్‌లలో, అంటే ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) 87.48, 612.36 గ్రాముల లెక్క కూడా వాడుకలో ఉంది. ఆ పాటి సొమ్ముపై చాంద్రమాన సంవత్సరం గడిస్తే నలభయ్యో వంతు, అంటే 2.5 శాతం ఇవ్వాలి. నగదు, బంగారం, వెండి, అమ్మకపు సరుకు, తిరిగి వస్తాయన్న నమ్మకమున్న బాకీలు కలిపి, వెంటనే తీర్చాల్సిన అప్పులు తీసేయాలి. ఉంటున్న ఇల్లు, వాడుకునే బండి, పనిముట్లు ఇందులోకి రావు.

దుకాణం ఉన్నవారు ఇక్కడే తడబడతారు. సరుకుకు కొన్న ధర కాదు, జకాత్ తేదీన అమ్ముడుపోయే ధర వేయాలి. బీరువాలు, తూకం యంత్రం వదిలేయాలి. నగల్లో రాళ్ల బరువు పోగా బంగారం ఎత్తు చూడాలి. ఒంటి మీద వాడుకునే నగలకు హనఫీ మజ్‌హబ్‌లో జకాత్ ఉంది, మిగతా మూడింటిలో ఎక్కువమంది లేదంటారు. సూర్యమాన తేదీ పెట్టుకున్నవారు 2.5 శాతమే ఇస్తే ఏటా పదకొండు రోజుల జకాత్ మిగిలిపోతుంది, 33 ఏళ్లకు ఒక పూర్తి ఏడాదే ఎగిరిపోతుంది. వారు సుమారు 2.577 శాతం కట్టాలి.

ఎవరికి ఇవ్వాలన్న దగ్గరికొస్తే మాత్రం సదఖాదే పైచేయి. జకాత్‌కు హక్కుదారులు ఎనిమిది వర్గాలేనని ఖురాన్‌లోని తౌబా సూరా 60వ ఆయత్ (వాక్యం) తేల్చింది. పేదలు, అప్పుల్లో మునిగినవారు, దారిలో చిక్కుకున్న ప్రయాణికులు ఆ ఎనిమిదిలో ఉన్నారు. సొమ్ము పేదవారి సొంతం కావాలి కాబట్టి మసీదు కట్టడానికి, బావి తవ్వించడానికి, కఫన్‌కు (శవవస్త్రానికి) జకాత్ చెల్లదని ఎక్కువమంది పండితుల మాట. వాటికి సదఖా ఇవ్వాలి. బావి, చదువు లాంటివైతే సదఖా జారియా, ఇచ్చినవారు పోయాక కూడా పుణ్యం ఆగదు. ముస్లిమేతర పేదలకూ సదఖా నిక్షేపంగా ఇవ్వవచ్చు.

తల్లిదండ్రులకు, పిల్లలకు జకాత్ ఇవ్వకూడదు. వారిని పోషించడం ఎలాగూ మన బాధ్యతే. పేద తోబుట్టువులకు, మేనత్తలకు, మేనమామలకు మాత్రం ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. బంధువుకిచ్చిన దానికి దానపుణ్యం, బంధుత్వం నిలిపిన పుణ్యం రెండూ దక్కుతాయని హదీసు (ప్రవక్త మాట). జకాత్ అని వారికి చెప్పక్కర్లేదు, పండుగ కానుకని చేతిలో పెట్టినా చెల్లుతుంది. చెప్పి వాళ్ల మనసు కష్టపెట్టడం దేనికి?

ఇంకొక పొరపాటు: పేదవాడు మనకు బాకీపడితే, ‘ఆ అప్పు వదిలేశాను, అదే జకాత్’ అనడం. ఎక్కువమంది పండితుల దృష్టిలో ఇది చెల్లదు. మాఫీ మంచి సదఖాయే. జకాత్ కావాలంటే మాత్రం ముందు సొమ్ము అతని చేతికివ్వాలి. అతను తన ఇష్టంతో బాకీ తీరిస్తే తీసుకోవచ్చు, షరతు పెట్టకూడదు.

ఫిత్రాకు (రంజాన్ ముగింపులో ఇచ్చే దానం) గడువు ముఖ్యం. ఇంట్లో తలకు ఒక సా (పాతకాలపు ధాన్యం కొలత) చొప్పున (గోధుమైతే హనఫీలకు అర సా) ఈద్ నమాజుకు ముందే ఇవ్వాలి. నమాజయ్యాక ఇస్తే అది మామూలు సదఖా అవుతుందని హదీసు.

పాత ఏళ్ల జకాత్ మిగిలి ఉంటే ఏ ఏటిది ఎంతో రాసి, వీలునామాలో చేర్చాలి. షాఫియీ మజ్‌హబ్‌లో వారసులు పంచుకోకముందే అది అప్పులా తీరుతుంది. హనఫీలలో మాత్రం వీలునామాలో రాస్తేనే, అదీ ఆస్తిలో మూడో వంతులోంచే ఇస్తారు. రాయకపోతే వారసులపై ఆ బాధ్యత ఉండదు.