ఎండలో వెలిగే ఫ్లాష్: పర్లాకిమిడిలో ఒక చిన్న కెమెరాతో

జేబులో పట్టే డిజిటల్ కెమెరాలకు లెన్సు పక్కనే గోరంత ఫ్లాష్ ఉంటుంది. చీకటి పడితేనే దానితో పని అని చాలామంది అనుకుంటారు. ఏళ్ల తరబడి ఇక్కడ ఒడిశాలోని పర్లాకిమిడిలో వాడాక నా మాట వేరు. రాత్రి పెళ్లిపందిట్లో కన్నా మిట్టమధ్యాహ్నం ఎండలోనే అది నాకు ఎక్కువ అక్కరకొచ్చింది.

మా ఎండ నిటారుగా నెత్తిన పడుతుంది. తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషిని తీస్తే కళ్ల కింద, గడ్డం కింద నలుపు తప్ప ముఖం కనిపించదు. మహేంద్రతనయ నది ఒడ్డున ఎవరినైనా నీళ్లకు వీపు పెట్టి నిలబెట్టినా, అరుగు మీద కూర్చున్నవారిని ఇంటి లోపలినుంచి వీధివైపు చూస్తూ తీసినా అదే తంతు. వెనక వెలుతురు చూసి కెమెరా తను తీసుకునే వెలుగు తగ్గించేస్తుంది, మనిషి మసకబారిపోతాడు. కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేస్తే ఇలాంటి చోట ఫ్లాష్ చాలాసార్లు వెలగనే వెలగదు, వెలుతురు చాలినంత ఉందని కెమెరా లెక్క. మెరుపు గుర్తు ఉన్న బటన్ నొక్కి, ప్రతిసారీ వెలిగేలా మనమే పెట్టాలి. ఐదారు అడుగుల దూరంలో నిలబడి తీస్తే కంటి గుంటల్లో నీడ పోతుంది, కళ్లలో చిన్న మెరుపు చుక్క వస్తుంది, వెనక ఆకాశం తెల్లబడకుండా నీలంగానే ఉంటుంది. మా పెద్దమ్మ ఫోటోల్లో ఇంట్లో అందరికీ నచ్చింది ఇలా మధ్యాహ్నం తీసినదే.

ఈ పనిలో చిన్న కెమెరాకు పెద్దవాటికి లేని ఒక సుగుణం ఉంది. లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరాల్లో మామూలుగా ఫ్లాష్ వాడితే షట్టర్ వేగం సెకనులో 200వ వంతు, 250వ వంతు దగ్గర ఆగిపోతుంది. లెన్సులోనే షట్టర్ ఉండే చిన్న కెమెరాలకు ఆ ఇబ్బంది లేదు. 500వ వంతులో, కొన్నిటిలో అంతకన్నా వేగంలో కూడా ఫ్లాష్ కలుస్తుంది. షట్టర్ వేగం పెరిగితే ఎండ వెలుగు తగ్గుతుంది గానీ ఫ్లాష్ వెలుగు పెద్దగా తగ్గదు, అందుకే మండుటెండలో కూడా చిన్న కెమెరా ఎండనూ ఫ్లాష్‌నూ సరిచూసుకోగలదు.

రాత్రి సంగతికొస్తే, దాని చెయ్యి పొట్టిది. దూరం రెట్టింపైతే అందే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఐదడుగుల దగ్గర పెళ్లికూతురు చక్కగా పడితే, పదడుగుల అవతల కూర్చున్న మేనమామలు చీకట్లో కలిసిపోతారు. సెన్సర్ వెలుగును అందుకునే చురుకుదనం, అంటే ఐఎస్ఓ, 100 నుంచి 400కు పెంచితే అందే దూరం రెట్టింపవుతుంది గానీ, అంత చిన్న సెన్సర్‌లో చీర జరీ అంతా ఇసుక చల్లినట్టు అవుతుంది. జూమ్ చేసి దూరంనుంచి లాగుదామనుకుంటే మరీ నష్టం. జూమ్ పెరిగేకొద్దీ ఈ కెమెరాల లెన్సు తక్కువ వెలుగు తీసుకుంటుంది, ఫ్లాష్ అందే దూరం ఇంకా తగ్గుతుంది. జూమ్ ముట్టుకోకుండా రెండడుగులు ముందుకు నడవడమే మంచిది. పందిట్లో దీపాల కళ కూడా కావాలంటే స్లో సింక్రో అనే ఫ్లాష్ అమరిక పెట్టి, కెమెరాను పందిరి గుంజకు ఆనించి తీయండి. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంటుంది కాబట్టి వెనక బల్బుల పసుపు వెలుగు, ముందు ముఖాల తెలుపు రెండూ వస్తాయి.

జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మాత్రం దీన్ని నమ్ముకుని కూర్చోలేం. ఒకసారి వెలిగాక ఫ్లాష్‌లో ఛార్జ్ మళ్లీ నిండడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అంతవరకూ చాలా కెమెరాలు బటన్‌ను పట్టించుకోవు. నాది రెండు పెన్సిల్ సెల్లులతో నడిచేది. అంగట్లో దొరికే మామూలు సెల్లులు కొంచెం వాడగానే ఈ నిరీక్షణ పెరిగిపోయింది. రీఛార్జ్ అయ్యే నికెల్ సెల్లులకు మారాక స్పష్టంగా తగ్గింది. ఎర్రకళ్లు పోగొట్టే అమరిక నేను ఆపేస్తాను. ముందుగా ఒక వెలుగు వేసి కాసేపాగి ఫోటో తీస్తుంది, ఆలోపు పిల్లలు ముఖం తిప్పేస్తారు.

రథయాత్రకు అసలు వెలిగించకండి. ఆషాఢం వాన తుంపర లెన్సు ముందే ఉంటుంది, ఫ్లాష్ ముందుగా దానికే తగులుతుంది. ఫోటో నిండా తెల్లటి బిళ్లలు, వాటి వెనక చీకటి రథం.

పశువుల కొమ్ముతో చెక్కే మా ఊరి కొమ్ము బొమ్మలు దీనికి గట్టి పరీక్ష. నున్నగా మెరుగుపెట్టిన నల్లటి కొమ్ము, ఎదురుగా వెలిగిస్తే కొంగ మెడ మీద తెల్లమచ్చ పడి చెక్కడమంతా మాయం. మరీ దగ్గరికి వెళితే లెన్సు గొట్టం నీడ బొమ్మ మీదే పడుతుంది. ఫ్లాష్ ముందు పల్చటి కాగితం అడ్డుపెడితే వెలుగు తగ్గుతుంది, మెరుపు పూర్తిగా పోదు. కిటికీ పక్కన పెట్టి ఫ్లాష్ లేకుండా తీయడమే న్యాయం, ఆ పనివాళ్ల చేతి నైపుణ్యం అలాగే కనిపిస్తుంది. సవర గిరిజనుల గూడేల్లో ఎర్రమట్టి గోడల మీద బియ్యప్పిండితో గీసే ఇడితాల్ చిత్రాలూ అంతే. సూటిగా పడే వెలుగులో గోడ గరుకుతనం చదునైపోతుంది. తలుపులోంచి పక్కగా వచ్చే వెలుతురే వాటికి అందం. అవి దేవతల కోసం గీసినవి, ఇంటివాళ్లను అడిగాకే కెమెరా ఎత్తాలి.

ఈమధ్య పాత డిజిటల్ కెమెరాలను కుర్రాళ్లు మళ్లీ వెతుక్కుని కొంటున్నారు. కొనేముందు మీ సెల్లులు మీరే తీసుకెళ్లి, నీడలో నిలబడి ఫ్లాష్‌ను వరుసగా వెలిగించి చూడండి. మధ్యలో ఒకటి వెలగకపోయినా, నిండడానికి మరీ ఎక్కువసేపు పట్టినా తీసుకోకండి. పాడైపోయినదాన్ని ఇంట్లో విప్పడం మాత్రం వద్దు. ఫ్లాష్ కోసం కరెంటు నిల్వచేసే కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు ఉంటాయి, సెల్లులు తీసేసిన తర్వాత కూడా చాలాసేపు అందులో నిలిచి ఉంటాయి.