తలుపు తీస్తే మోగే గంట: 5కి 4 మార్కులు

నాన్న ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టరుగా చేశారు. ఆల్జీమర్స్ అని తేలి ఇది మూడో ఏడు. ఈ జబ్బు నిన్న మొన్నటి సంగతులను ముందు చెరిపేస్తుంది, పాతవాటి జోలికి ఆలస్యంగా వెళ్తుంది. రాత్రి అన్నం తిన్నది నాన్నకు గుర్తుండదు, తెల్లవారుజామున మొదటి బస్సు తనదేనని మాత్రం గుర్తే. మూడున్నరకు లేచి, చొక్కా తొడుక్కుని, గడియ తీసి వెళ్ళిపోతారు. ఒకసారి పాలబ్బాయి వీధి చివర చూసి వెనక్కి తీసుకొచ్చాడు. లోపల తాళం వేసి తాళంచెవి దాచమని బంధువుల సలహా. ఇంట్లో నిప్పంటుకుంటే చీకట్లో తాళంచెవి వెతుక్కోవాలా?

మొదట కొన్నది 350 రూపాయలది. ఒక ముక్క ద్వారబంధానికి, అయస్కాంతం ఉన్న ముక్క తలుపు రెక్కకు. రెండూ విడిపోగానే సైరన్. బ్రహ్మాండంగా పనిచేసింది, చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ మోత సరిగ్గా ఆయన చెవి పక్కన. నాన్న బెదిరి గోడకు కరుచుకుపోయి, "అందరూ కడ్డీలు పట్టుకోండి!" అని కేకలు వేశారు. చేతులు వణకడం తగ్గేసరికి తెల్లారింది. మర్నాడే పీకేశాను.

రెండోది 900. తలుపు దగ్గర చప్పుడే ఉండదు, గంట నా మంచం పక్కన ప్లగ్గులో మోగుతుంది. శబ్దం తగ్గించుకోవచ్చు. నాన్న గడప దాటేలోపు నేను హాల్లో ఉంటాను. కొనేవాళ్ళు ఈ రకమే చూసుకోండి.

లోపాలూ ఉన్నాయి. వాళ్ళిచ్చిన అంటుడు టేపు మా పాత తలుపు రంగుతో సహా ఊడి వచ్చింది, వడ్రంగి చేత మేకులు కొట్టించాను. వానాకాలంలో చెక్క ఉబ్బి సందు పెరిగితే ఊరికే మోగుతుంది. తలుపు దగ్గరి బ్యాటరీ అయిపోతే చెప్పదు, కాబట్టి ఒకటో తారీఖున మందులు కొన్నప్పుడే అదీ మారుస్తాను. కరెంటు పోతే గంట మూగదే. ఆ రాత్రులు గడప దగ్గర చాప వేసుకుని పడుకుంటున్నాను. ఒక మార్కు తగ్గించింది అందుకే.

గంట నన్ను లేపుతుంది గానీ నాన్నను ఆపదు. ఆపే పని నాదే. మీరు రిటైరయ్యారంటే కోపం వస్తుంది. "నాన్నా, ఈ రోజు మీకు వీక్లీ ఆఫ్" అంటాను.

"చార్టులో వేశారా?"

"వేశారు. నేను చూశాను."

చొక్కా విప్పి, మడత పెట్టి నా చేతికిస్తారు.