లైబ్రరీ గ్రూప్ స్టడీ రూమ్ రివ్యూ: గదికి నాలుగు స్టార్లు, మార్కర్లకు సున్నా

మా కాలేజీ లైబ్రరీలో ఉన్న గ్రూప్ స్టడీ రూమ్‌ని ఒక సెమిస్టర్ పొడుగునా వారానికి రెండుసార్లు వాడాక రాస్తున్నాను. ఇలాంటి గదులు ఇప్పుడు చాలా కాలేజీల్లో ఉన్నాయి, అన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి: అద్దాల గోడ, టేబుల్, చుట్టూ ఆరు కుర్చీలు, ఒక వైట్ బోర్డు, ఎవరి లాప్‌టాప్‌కీ ఓ పట్టాన కనెక్ట్ కాని స్క్రీన్. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగమైనా మీ గదికీ సరిపోతుంది.

ముందు చిరాకులు. స్లాట్లు వారం ముందు తెరుస్తారు, పరీక్షలు దగ్గర పడ్డాయంటే తెరిచిన కాసేపటికే అయిపోతాయి. పావుగంట లేటయితే బుకింగ్ రద్దు. ఓసారి మేం టైముకే వెళ్తే లోపల ఎవరో ఇద్దరు టేబుల్ మీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నారు, లేపడానికి మొహమాటం, నువ్వు లేపంటే నువ్వు లేపనుకుంటూ పది నిమిషాలు బయటే నిలబడ్డాం. ప్లగ్ పాయింట్లు రెండే, అందులో ఒకటి వదులు. పక్క గదిలో నవ్వితే మనకి వినిపిస్తుంది, మనం తిట్టుకుంటే వాళ్లకి వినిపిస్తుంది.

ఇక మార్కర్లు. ట్రేలో ఎప్పుడూ నాలుగుంటాయి, నాలుగూ ఎండిపోయినవే. ఎవరో మహానుభావుడు పర్మనెంట్ మార్కర్‌తో బోర్డు మీద పెద్ద పట్టిక గీసి పోతే అది నెల రోజులు అలాగే ఉంది. (అలాంటి గీత మీద మామూలు బోర్డు మార్కర్‌తో మళ్లీ రాసి, తడి ఆరకముందే తుడిస్తే పోతుంది. ఈ ఒక్క చిట్కా కోసమైనా ఈ రివ్యూ చదివినందుకు నష్టం లేదు.)

మరి నాలుగు స్టార్లెందుకంటే, రెండు గంటల తర్వాత బయటికి పంపేస్తారు కాబట్టి. మొదట్లో నేను అందరికంటే ఎక్కువ గొణిగింది ఈ రూల్ గురించే. ఈ గది దొరక్కముందు మేం ఏడుగురం ఒకరి రూములో సాయంత్రం కూర్చుని రాత్రి పదకొండు దాకా "చదివేవాళ్లం". అందులో చదువు ఎంత అని అడక్కండి. టైముకి హద్దు లేనప్పుడు ప్రతిదీ "తర్వాత చూద్దాంలే" అవుతుంది, ఒకడు చెప్తుంటే నలుగురు తలూపుతారు, ఇద్దరు ఫోన్ చూసుకుంటారు, ఇంటికెళ్లేటప్పుడు మాత్రం అందరికీ బోలెడంత చదివేశామన్న తృప్తి. మాలో సైకాలజీ ఎలెక్టివ్ తీసుకున్నమ్మాయి ఒకరోజు రింగెల్‌మన్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు సంగతి చెప్పింది. మనుషుల చేత తాడు లాగించి కొలిస్తే, గుంపు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి లాగుడు తగ్గిందట, ఆ లెక్కలు ఆయన 1913లో అచ్చు వేశాడు. విని అందరం నవ్వాం గానీ, మా ఏడుగురిలో తాడు వదిలేసినవాళ్లెవరో అందరికీ తెలుసు.

గదిలో ఆరు కుర్చీలే ఉండటం వల్ల ఆ పంచాయితీ దానంతటదే తెమిలింది. ఏడుగురం అయిదుగురమయ్యాం, తర్వాత నలుగురం. ఆ మానేసినవాళ్లలో ఒకడి గురించి చెప్పాలి. వాడు ప్రతిసారీ వచ్చేవాడు, పద్ధతిగా కూర్చునేవాడు, చివర్లో బోర్డు ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాడు. గొడవ పడటం ఇష్టం లేక మేం ఒక షరతు పెట్టాం: గదిలోకి రావాలంటే పాత ప్రశ్నపత్రంలో మూడు ప్రశ్నలు ఎవరికి వాళ్లు ప్రయత్నించి, ఎక్కడ ఆగిపోయారో కాగితం మీద చూపించాలి. జవాబు రాకపోయినా పర్లేదు, ఆగిన చోటు తెలియాలి. రెండు వారాల్లో వాడే రావడం మానేశాడు. ఇప్పటికీ మంచి స్నేహితుడే.

అసలు విషయం బోర్డు. అందరూ చూస్తుండగా నిలబడి రాయాల్సి వచ్చినప్పుడు, వచ్చనుకున్నది ఎంత వచ్చో బయటపడిపోతుంది. ఒకరోజు అల్గారిథమ్స్‌లో డైక్‌స్ట్రా (ఒక చోటి నుంచి మిగతా చోట్లకి అతి దగ్గరి దారి వెతికే పద్ధతి) చేస్తున్నాం. మాలో టాపర్ "అది నాకొచ్చు, వదిలేయండి" అన్నాడు. కొత్తగా చేరినమ్మాయి ఊరుకోకుండా "ఎడ్జ్ వెయిట్, అంటే రెండు చోట్ల మధ్య దారికి వేసే లెక్క, మైనస్‌లో ఉంటే పనిచేయదని నోట్స్‌లో ఉంది, ఎందుకు పనిచేయదు?" అని అడిగింది. "గ్రీడీ కదా, అందుకే." "గ్రీడీ అయితే ఏంటి?" వాడు మళ్లీ అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. (గ్రీడీ అంటే ప్రతి అడుగులోనూ అప్పటికి దగ్గరనిపించింది తీసేసుకోవడం.) దాంతో మార్కర్ ఆ అమ్మాయి చేతిలోనే పెట్టాం. ఏ, బి, సి అని మూడు సున్నాలు చుట్టింది. ఏ నుంచి బికి 2, ఏ నుంచి సికి 5, సి నుంచి బికి మైనస్ 4. అల్గారిథమ్ ముందు దగ్గరున్న బిని తీసుకుని దూరం 2 అని ఖాయం చేసేస్తుంది. ఆ తర్వాత సి దగ్గరికొచ్చి చూస్తే, 5లోంచి 4 పోతే 1. అంటే బికి ఇంకా దగ్గరి దారి ఉంది. మార్కర్ ఆ 2 మీదే ఆగిపోయింది. "బి లెక్క అప్పటికే మూసేసింది కదా... మళ్లీ తెరవదు. అంతేనా?" అంది. టాపర్ అర నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత పెన్ను తీసుకుని తన నోట్స్‌లో రాసుకున్నాడు. మైనస్ ఉన్నా పనిచేసే బెల్‌మన్ ఫోర్డ్ అనే ఇంకో పద్ధతి అన్ని ఎడ్జ్‌లనీ పదే పదే ఎందుకు తిరగేస్తుందో ఆ రోజు నలుగురికీ తెలిసింది.

అప్పట్నుంచి మా రూల్ ఒకటే: ఆ టాపిక్ ఎవరికి అందరికంటే తక్కువ వచ్చో వాళ్ల చేతికే మార్కర్. వచ్చినవాళ్లు కూర్చుని ప్రశ్నలడగాలి, జవాబు మాత్రం చెప్పకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు, వచ్చినవాడికి నోరు మూసుకుని కూర్చోవడమంత టెన్షన్ ఇంకోటి లేదు.

చివరి ఇరవై నిమిషాలు బోర్డు తుడిచేసి, పుస్తకాలు మూసేసి, ఎవరికి వాళ్లు తెల్లకాగితం మీద గుర్తున్నంతా రాస్తాం. ఇది మా తెలివేం కాదు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో అచ్చువేసిన ప్రయోగాల్లో, పాఠం మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, కానీ వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తు చేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. మా రూములో పదకొండు దాకా కూర్చున్నప్పటి తృప్తి ఆ అయిదు నిమిషాల బాపతే. ఆ కాగితాలు మార్చుకుని దిద్దుకునేసరికి బయట తర్వాతి గ్రూపు వచ్చి అద్దంలోంచి గడియారం చూపిస్తూ ఉంటుంది, ఇక మాట్లాడటానికేం ఉండదు, లేచి రావడమే.

దేనికి పనికిరాదంటే, మొదటిసారి చదవడానికి. ఆ పని ఒంటరిగా, ఇంట్లోనో లైబ్రరీ మూలనో చేసుకోండి, నలుగురి మధ్య కొత్త చాప్టర్ తెరిస్తే అందరూ మెల్లగా చదివేవాడి కోసం ఆగుతారు, లేదా వాడే తెలిసినట్టు నటిస్తాడు. ఆ స్క్రీన్ గురించి అసలు ఆశ పెట్టుకోవద్దు. స్లైడ్లు పెట్టిన రోజు మేం నలుగురం మళ్లీ తలూపే బ్యాచ్ అయిపోయాం.

ఒక స్టార్ కోసింది అవసరమైనప్పుడు దొరకనందుకు. పరీక్షల వారం మాకు ఒక్క స్లాట్ కూడా రాలేదు, సాయంత్రం ఖాళీగా ఉన్న క్లాస్‌రూములో దూరి, ఫోన్‌లో రెండు గంటలకి అలారం పెట్టుకుని అదే పద్ధతిలో కూర్చున్నాం. నల్లబోర్డు, చేతులనిండా సుద్ద, విరిగిన బెంచీలు. పని బాగానే నడిచింది, పైగా సుద్దముక్కలు ఎండిపోవు.